రెండో మనిషి వచ్చేదాకా

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది. జీతాల పుస్తకంలో తప్ప అదెక్కడా వినపడదు. బట్టల ఫ్యాక్టరీలో అందరికీ ఆమె చంకమ్మ. ఎప్పుడు చూసినా చంకన ఒక పిల్లో పిల్లాడో ఉంటారు కాబట్టి ఆ పేరు. మొదట ఎవరు పిలిచారో తెలియదు గాని అతికినట్టు సరిపోయింది. కత్తిరింపు బల్లల దగ్గర మగవాళ్లు "చంకమ్మ చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఫ్యాక్టరీ అంతా వెతికిందంట" అని నవ్వుకునేవాళ్లు. వట్టి అబద్ధం. ఇరవై మంది పిల్లల్లో ఎవరు ఏ మూల ఏం నోట్లో పెట్టుకుంటున్నారో వీపు తిప్పుకుని కూడా చెప్పగల మనిషి ఆమె.

పిల్లల గది ఫ్యాక్టరీ వెనకవైపు, గోడౌనుకూ క్యాంటీనుకూ మధ్య ఉంది. బోర్డు మీద దానికి బారెడు పేరుంది. అంత పేరు పలికే తీరిక ఎవరికీ లేక పిల్లల గది అంటారు. తొమ్మిది ఉయ్యాలలు, గోడ వారగా నీలం పరుపులు, ఒక చిన్న వంటగది, దాని పక్కన పిల్లల ఎత్తుకు తగ్గ మరుగుదొడ్డి. కుట్టుపని చేసే తల్లులు పొద్దున్నే బిడ్డల్ని అక్కడ దింపి మెషీన్ల ముందు కూర్చుంటారు. పాలిచ్చేవాళ్లు మధ్యలో రెండుసార్లు పరుగున వచ్చి, పరుగున పోతారు.

చంకమ్మ కూడా ఒకప్పుడు అలా బిడ్డను దింపిన తల్లే. మొగుడు ఐదు నెలల పిల్లను ఆమె ఒళ్లో వదిలి, పని వెతుక్కుంటానని వెళ్లి తిరిగి రాలేదు. ఫలానా చోట చూశామని ఒకరు, ఫలానా ఆమెతో చూశామని ఇంకొకరు చెప్పారు. ఆమె వెతకలేదు. గుండీలు కుట్టే పనిలో చేరింది. పిల్ల ఏడుపు గోడ దాటి వినపడితే మెషీన్ వదిలేసి లేచిపోయేది. రోజుకు నాలుగుసార్లు లేస్తే సూపర్వైజరమ్మ ఎన్నాళ్లు ఊరుకుంటుంది? "ఇంక అక్కడే ఉండిపోవే తల్లీ, గుండీలు ఇంకెవరైనా కుడతారు" అంది. అలా వెళ్లి ఇరవయ్యారేళ్లు ఉండిపోయింది. ఆమె చంక దిగి నడక నేర్చిన పిల్లల్లో కొందరు ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో మెషీన్ల ముందు కూర్చుని, తమ పిల్లల్ని ఆమెకే ఇస్తున్నారు.

ఆ గదికి శత్రువు గుండీ. తల్లుల బట్టలకు అంటుకుని, కొంగు మడతల్లో దాక్కుని రోజూ నాలుగైదు గుండీలు లోపలికొస్తాయి. విరిగిన సూది మొనలు, దారపు ఉండలు సరేసరి. బొటనవేలి గోరు కంటే చిన్నదేది నేలమీద కనపడినా చంకమ్మ చెయ్యి దాని మీద వాలుతుంది. చెత్తబుట్టలో వెయ్యదు, బుట్టను నెత్తిన బోర్లించుకునే ఘనులున్నారు అక్కడ. తిన్నగా మరుగుదొడ్డిలో పడేసి ఒక చెంబుడు నీళ్లు కొడుతుంది. మాట్లాడుతూ, పాట పాడుతూ, ఒక్కోసారి కునికిపాట్లు పడుతూ కూడా ఈ పని చేసేస్తుంది. ఆ పని చేశానని ఆమెకే తెలియదు.

ఇలా ఉండగా ఫ్యాక్టరీకి బీమా ఇచ్చే కంపెనీ ఒక షరతు పెట్టింది. గేటు కాసేవాళ్లు, డబ్బు పెట్టె దగ్గర కూర్చునేవాళ్లు, పిల్లల్ని చూసేవాళ్లు జన్యు పరీక్ష చేయించుకోవాలి. ఎవరి పుట్టుకలో నేరం చేసే గుణం ఉందో ఆ పరీక్ష ముందే చెబుతుందట. పుర్రెతో పుట్టిన బుద్ధి పుడకలతో గాని పోదని పెద్దలు ఏనాడో అన్నారు. ఎవరి మీదో విసుగొచ్చిన పూట అనుంటారు పాపం. ఇప్పుడా విసుగునే గాజు గొట్టంలో పోసి, యంత్రంలో తిప్పి, అచ్చు వేసి చేతికిస్తున్నారు. అచ్చయిందంటే ఇక ఎవడు కాదంటాడు?

బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దుతుంటే చంకమ్మకు నవ్వాగలేదు. "ఉమ్ము చూసి దొంగల్ని పట్టేస్తారేంటమ్మా? మా పిల్లలు రోజూ నా భుజం మీద కార్చేదంతా పట్టుకురానా?" అంది. పరీక్షలావిడ కూడా నవ్వింది. చిన్న వయసు, మెత్తటి మనిషి.

మూడు వారాలకు కార్డులొచ్చాయి. గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఆకుపచ్చ అంచు కార్డు వచ్చింది. అతను కొట్టిన వాతలు కనపడకుండా పెళ్లాం ఎండాకాలంలో కూడా నిండు చేతుల జాకెట్టు వేసుకుంటుందని ఫ్యాక్టరీలో తెలియనివాళ్లు లేరు. అయినా అతని పుట్టుక శుభ్రంగా ఉందట. చంకమ్మకు పసుపు అంచు వచ్చింది. దూకుడుకూ హింసకూ సగటు కంటే హెచ్చు అవకాశం ఉందని కింద రాసుంది. ఆమె రెండుసార్లు చదువుకుంది.

పరీక్షలావిడ ఆమెను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. "మీరేదో చేశారని కాదండీ. చేసే అవకాశం కొంచెం ఎక్కువని, అంతే. మీ ఇంట్లో ఎవరైనా గొడవల్లో, కేసుల్లో ఉన్నారా?"

"మా నాన్న ఒకసారి ఒకడి తల పగలగొట్టాడమ్మా. మా అమ్మ చెయ్యి పట్టుకుని లాగాడని. ఏడాదిన్నర లోపలున్నాడు."

పరీక్షలావిడ రాసుకుంది. చంకమ్మ చదువు అంతంత మాత్రమే గాని, తలకిందులుగా ఉన్న అక్షరాలు కూడా కూడబలుక్కోగలదు. తండ్రి తల పగలగొట్టడమూ ఏడాదిన్నరా కాగితం ఎక్కాయి. అమ్మ చెయ్యి ఎక్కలేదు.

"ఇరవయ్యారేళ్లలో ఏ పిల్లాడి మీదా నేను చెయ్యెత్తలేదు. అదెక్కడ రాస్తారమ్మా?" అని అడిగింది.

పరీక్షలావిడ కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆ గడి ఫారంలో లేదండీ" అంది. నిజంగానే నొచ్చుకుంటూ అంది.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నేరం లేదు, నేరం తలపు లేదు, నేరస్తురాలికి కార్డు మాత్రం సిద్ధమైంది. పనిలోంచి తీసెయ్యలేదు. అదే మహోపకారం అన్నట్టు మేనేజరు చెప్పాడు. ఒక్కటే నియమం. పసుపు కార్డు మనిషి, గదిలో రెండో మనిషి లేనప్పుడు పిల్లల్ని తాకకూడదు. మూలన కెమెరా పెట్టారు. ఏడాదిపాటు ఏ ఫిర్యాదూ రాకపోతే కార్డు సంగతి మళ్లీ చూస్తామన్నారు. చంకమ్మ ఆ మాటనే కొంగున ముడేసుకుంది. ఏడాది ఎంతలో తిరుగుతుంది, పిల్లల్ని మళ్లీ తన ఇష్టం వచ్చినప్పుడు ఎత్తుకోవచ్చు అనుకుంది.

రెండో మనిషంటే చిన్న ఆయా. పనిలో చేరి రెండేళ్లే అయింది. "నీ కార్డు వాళ్ల మొహాన కొట్టు పెద్దమ్మా" అని మొదట్లో కోప్పడింది కూడా. కానీ చిన్న ఆయా పాలు కాచాలి, క్యాంటీన్ నుంచి గిన్నెలు తేవాలి, ఆమెకూ మరుగుదొడ్డి అవసరం ఉంటుంది. ఆమె గది దాటగానే చంకమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. ఉయ్యాల్లో పిల్ల రెండు చేతులూ చాచి ఏడుస్తుంటే, "వస్తోందమ్మా, అక్క వస్తోంది, ఇదిగో వచ్చేస్తోంది" అని దూరం నుంచే కబుర్లు చెప్పేది. పిల్లలకు కార్డుల సంగతి ఏం తెలుసు? కొన్నాళ్లు చేతులు చాచారు. తర్వాత చాచడం మానేశారు. చిన్న ఆయా అడుగుల చప్పుడు వింటేనే అటు తిరిగేవాళ్లు. అది చూసిన రోజు చంకమ్మ వంటగదిలోకి పోయి పొయ్యి గట్టు పట్టుకుని ఏడ్చింది. ఇంటికెళ్లి కూతురికి చెప్పలేదు. కూతురు అప్పుడు నిండు నెలల మనిషి.

అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఇంకో నాలుగు నెలలే.

కాలర్లు కుట్టే అమ్మాయికి పదకొండు నెలల కొడుకు. పాకడంలో రైలింజను. ఆ రోజు మధ్యాహ్నం చిన్న ఆయా పాల గిన్నె కోసం క్యాంటీన్‌కు వెళ్లింది. చంకమ్మ పరుపుల దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. పిల్లాడు పాకుతున్నవాడల్లా ఆగి కూర్చున్నాడు. నోరు తెరిచాడు, చప్పుడు రాలేదు. ఏడ్చే పిల్లాడి గురించి కంగారు పడక్కర్లేదు, ఏడవాల్సిన మొహంతో ఏడవనివాడి గురించే పడాలి. చంకమ్మ "రావే, గబుక్కున రావే" అని గుమ్మం వైపు గొంతు చించుకుని అరిచింది. క్యాంటీన్ చప్పుళ్లలో ఆ అరుపు ఎవరికి వినపడుతుంది?

ఆమె నిలబడింది. తర్వాత కెమెరాలో లెక్క చూస్తే పదకొండు సెకన్లు. పిల్లాడి పెదాలు నల్లబడుతుంటే, చేతులు వెనక కట్టుకుని, ఇరవయ్యారేళ్ల చంకమ్మ పదకొండు సెకన్లపాటు రెండో మనిషి కోసం చూసింది. ఆమె బతుకులో సిగ్గుపడాల్సింది ఏదైనా ఉంటే ఇదొక్కటే.

తర్వాత కార్డూ గుర్తులేదు, కెమెరా గుర్తులేదు. పిల్లాణ్ని అందుకుని ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి వంచి, రెక్కల మధ్య అరచేత్తో గట్టిగా చరిచింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బ ఇంకా గట్టిగా వేసింది. ఐదోదానికి టప్పుమని తెల్ల గుండీ నేలమీద పడింది. పిల్లాడు కప్పు ఎగిరిపోయేలా గుక్కపెట్టి ఏడ్చాడు. వాణ్ని భుజాన వేసుకుంది. వేసుకుని, వంగి గుండీ తీసింది, మరుగుదొడ్డిలో పడేసింది, చెంబుడు నీళ్లు కొట్టింది.

చిన్న ఆయా వచ్చేసరికి గదిలో ఏడ్చే పిల్లాడూ, ఏడుస్తూ నవ్వుతున్న చంకమ్మా ఉన్నారు. గుండీ లేదు.

సాయంత్రం తల్లికి తనే చెప్పింది. "గుండీ గొంతుకు అడ్డం పడిందమ్మా. వీపు చరిస్తే ఊడిపడింది. కాస్త ఎర్రబడింది, భయపడకు." కాలర్ల అమ్మాయి ఆమె చేతులు పట్టుకుని కళ్లకు అద్దుకుంది. "నువ్వు లేకపోతే నా బిడ్డ ఏమైపోయేవాడు పిన్నీ" అంది. అదీ నిజమే. మర్నాడు వచ్చినప్పుడు మొహం వేరేగా ఉంది. అదీ నిజమే. పిల్లాడి వీపు మీద ఐదు వేళ్లూ తేలాయి. ఇంట్లో మొగుడు చూశాడు, అత్త చూసింది, పక్క వాటాలో ఉండే ఆవిడ చూసింది. పసుపు కార్డు మనిషా అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. కాలర్ల అమ్మాయి అరవలేదు, తిట్టలేదు. తల దించుకుని ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టి మెషీన్ దగ్గరికి పోయింది. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే.

ఆఫీసు గదిలో విచారణ. మేనేజరు, సూపర్వైజరమ్మ, పరీక్షలావిడ, బీమా కంపెనీ మనిషి కూర్చున్నారు. చంకమ్మను కూడా కూర్చోమన్నారు.

"గుండీ ఏది?" అన్నాడు బీమా మనిషి.

"పారేశానండి."

"ఎక్కడ?"

"మరుగుదొడ్డిలో."

"మీరు చెప్పే మాటకు సాక్ష్యం అదొక్కటే కదా. దాన్నెందుకు పారేశారు?"

చంకమ్మ అతని మొహంలోకి చూసింది. వెటకారం చేస్తున్నాడేమో అనుకుంది. "పిల్లల గదిలో గుండీ దాచిపెట్టుకుంటారా ఎవరైనా?" అంది.

ఆ గదిలో పిల్లల్ని పెంచిన చేతులు రెండే ఉన్నాయి. మిగతావాళ్లకు అది జవాబులా వినపడలేదు. డాక్టరు చీటీ చదివారు. గొంతులో గాయం లేదట, గుండీ ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం అని రాశాడు. తర్వాత వీడియో పెట్టారు.

కెమెరా పైన మూలన ఉంది, అది కూడా ఆమె వీపు వైపు. దానికి చూపుందిగాని చెవుల్లేవు. ఆమె అరిచిన అరుపు అందులో లేదు. పిల్లాడి నల్లబడిన పెదాలు లేవు. ఒక ఆడమనిషి కదలకుండా నిలబడి ఒక పసివాణ్ని చూస్తోంది. చూసి చూసి, ఉన్నట్టుండి మీద పడింది. ఒంటిచేత్తో తిరగేసి పట్టుకుని బాదింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. తర్వాత వంగి నేల మీద ఏదో తడిమి పక్కకు వెళ్లిపోయింది.

మళ్లీ పెట్టారు. మూడోసారి పెట్టినప్పుడు చంకమ్మ కుర్చీలోంచి సగం లేచింది. ఎవరీ రాక్షసి, పిల్లాణ్ని లాక్కోండి ఎవరైనా అని నోటిదాకా వచ్చింది. అది తనే అని మరుక్షణం తెలిసింది. కానీ ఆ ఒక్క క్షణం ఆమె కూడా వాళ్లవైపే ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

రిపోర్టు వారంలో వచ్చింది. నియమం మీరడం, పసిబిడ్డను కొట్టడం, వస్తువును మాయం చెయ్యడం. పరీక్ష ఈ ప్రమాదాన్ని ఎనిమిది నెలల ముందే సూచించిందని చివర్లో రాశారు. పరీక్ష పనిచేసిందన్నమాట. ఆమెకు అనుకూలంగా ఉన్నది ఒక్కటే వాక్యం: "మొదటి పదకొండు సెకన్లు నియమాన్ని పాటించింది."

సామాను తీసుకోవడానికి వెళ్లిన రోజు సూపర్వైజరమ్మ గుమ్మం దాకా వచ్చింది. ఇరవయ్యారేళ్ల కిందట గుండీలు ఇంకెవరైనా కుడతారన్న మనిషే. ఇప్పుడు జుట్టు తెల్లబడింది. "నువ్వు కొట్టలేదని నాకు తెలుసే" అంది.

"మరి అక్కడ ఆ మాట అనలేదేం?"

"నాకు తెలుసు అంటే ఎలా తెలుసంటారు. ఏం చూపించను?"

తిలా పాపం తలా పిడికెడు. చంకమ్మ సంచి తీసుకుని నడిచింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆకుపచ్చ కార్డు మెడలో వేసుకుని ఆమె సంచి వెతికాడు.

కూతురికి జరిగిందంతా తెలిశాక వాళ్లను తిట్టని తిట్టు లేదు. ఆమె మందుల షాపులో పని చేస్తుంది. కొడుక్కి ఐదో నెల. సోమవారం నుంచి మళ్లీ పనిలోకి వెళ్లాలి. "పోతే పోయింది వెధవ ఉద్యోగం. నా దగ్గరికి వచ్చెయ్ అమ్మా. వీణ్ని నీకంటే బాగా ఎవరు చూస్తారు? నాకు బెంగ లేకుండా ఉంటుంది" అంది. ఆ పిల్ల మనసులో ఇంత అనుమానం కూడా లేదు. ఆ మాట నేను గట్టిగా చెప్పగలను, ఎందుకంటే మిగతావాళ్లందరి మనసుల్లోనూ ఎంతో కొంత ఉంది.

చంకమ్మ శుక్రవారం వచ్చింది. కూతురు ఎదురుగా ఉండగా మనవణ్ని ఎత్తుకుంది, ముద్దాడింది, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాసింది. శనివారం పొద్దున్న పిల్లాణ్ని మంచం మీద పడుకోబెట్టి, చుట్టూ దిళ్లు పేర్చి, "ఒక్క పది నిమిషాలమ్మా, తలకు పోసుకుని వస్తా" అని కూతురు స్నానానికి వెళ్లింది.

పిల్లాడు లేచాడు. మొదట మూలిగాడు. తర్వాత ఏడుపు అందుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని, పిడికిళ్లు బిగించి, కాళ్లు తన్నుకుంటూ ఏడ్చాడు. స్నానాల గదిలో నీళ్ల చప్పుడు. ఆ చప్పుడు ఆగి తలుపు తీసుకుని తల తడితో కూతురు పరుగెత్తుకొచ్చేసరికి పిల్లాడి మొహం కందిపోయి, గొంతు బొంగురుపోయింది. మంచానికి మూడడుగుల దూరంలో చంకమ్మ నిలబడి ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాయి. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"అమ్మా, ఎత్తుకోకుండా చూస్తావేంటి? ఎంతసేపట్నుంచి ఏడుస్తున్నాడు?"

"నువ్వు వస్తావని చూస్తున్నానమ్మా."

"నేనెందుకు? ఇది నీ మనవడే, ఇక్కడ కెమెరాలేం లేవు."

"కెమెరా గురించి కాదే" అంది చంకమ్మ. "మా నాన్న ఆ మనిషిని కొట్టేముందు తనకూ తెలియదంట. చెయ్యి దానంతట అదే లేచిందని చెప్పేవాడు. నాకూ ఆ రోజు అలాగే లేచింది."

"అది పిల్లాణ్ని బతికించడానికి లేచింది."

"నాకూ అదే అనిపించింది. ఆ వీడియోలో చూస్తే అలా లేదు."

కూతురు కొడుకును భుజాన వేసుకుని తల్లి వంక చూసింది. తల్లి చెయ్యి పట్టుకుని పిల్లాడి వీపు మీద పెట్టింది. చంకమ్మ ఆ చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది. వెళ్లి పొడి తువ్వాలు తెచ్చి కూతురు తల తుడవడం మొదలుపెట్టింది.

"సోమవారం లోపు ఇంకో మనిషిని వెతుక్కో అమ్మా" అంది, తుడుస్తూనే. "ఎవరో ఒకరు దొరుకుతారు. వంటా, బట్టలూ నేను చూసుకుంటాను."